యుద్ధనౌక పొట్టలో టార్పెడో గొట్టాలు: మిగిలిన చోటు, మోసిన ముప్పు

1906 డిసెంబరులో బ్రిటిష్ నౌకాదళంలో చేరిన డ్రెడ్‌నాట్ పేరు వినగానే పన్నెండు అంగుళాల ఫిరంగులు పది, ఆవిరి టర్బైన్లు, 21 నాట్ల వేగం (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గుర్తొస్తాయి. అదే నౌకలో నీటి మట్టానికి కింద 18 అంగుళాల టార్పెడో గొట్టాలు కూడా ఐదు ఉండేవి. కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, వెనక కొసన ఒకటి. వాటి కోసం 23 టార్పెడోలను మోసుకు తిరిగేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ నౌక ముంచిన శత్రు నౌక ఒక్కటే. అది 1915 మార్చి 18న చిక్కిన యు-29 అనే జర్మన్ జలాంతర్గామి. దాన్ని ఫిరంగితో కొట్టలేదు, టార్పెడోతోనూ కొట్టలేదు. నౌకనే మీదికి నడిపి గుద్ది ముంచారు.

అలాగని ఆ ఐదు గొట్టాలూ మొక్కుబడిగా పెట్టినవి కావు. 1890ల నుంచి 1920ల దాకా బ్రిటన్, జర్మనీ, జపాన్, రష్యా, అమెరికా అన్నీ తమ పెద్ద నౌకల్లో టార్పెడో గొట్టాలు పెట్టాయి. ఎన్ని ఉండాలి, ముందా వెనకా పక్కలకా, నీటి పైనా కిందా అన్న లెక్కలు ప్రతి కొత్త నమూనాకూ మళ్లీ మళ్లీ వేశారు. కానీ ఆ నౌకల ప్లాన్లు వరసగా చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. టార్పెడో ఎక్కడినుంచి బాగా కొడుతుందో చూసి గొట్టానికి చోటు ఇవ్వలేదు. ఫిరంగులు, మందుగుండు గదులు, బాయిలర్లు, ఇంజన్లు తమ చోట్లు తీసుకున్నాక ఏది మిగిలిందో అదే గొట్టానికి దక్కింది. ఆ మిగిలిన చోటు నౌకలో రక్షణ అన్నిటికన్నా తక్కువ ఉన్న చోటు. ఈ ఏర్పాటుకు ధర కట్టింది శత్రువు కాదు, గొట్టాలు మోసిన నౌకలే.

నీటి పైనుంచి నీటి కిందికి

తనంత తానుగా నీటిలో ఈదుకుంటూ పోయే టార్పెడోను రాబర్ట్ వైట్‌హెడ్ 1866లో ఫ్యూమే రేవులో తయారుచేశాడు. ఆ ఊరిని ఇప్పుడు రియెకా అంటున్నారు, క్రొయేషియాలో ఉంది. 1877 మే 29న బ్రిటిష్ నౌక షా, పెరూ నౌక హువాస్కార్ మీదికి ఒక టార్పెడో వదిలింది. యుద్ధంలో వైట్‌హెడ్ టార్పెడో వాడటం అదే మొదటిసారి. అది తగల్లేదు. అయినా ఇరవయ్యేళ్లు తిరిగేసరికి టార్పెడో గొట్టం లేని యుద్ధనౌక కనపడకుండా పోయింది.

మొదట్లో గొట్టాలు నీటి మట్టానికి పైన ఉండేవి. అక్కడ పెట్టడం తేలిక, నింపడం తేలిక, కళ్లతో చూసి గురిపెట్టొచ్చు. 1892లో వచ్చిన బ్రిటిష్ రాయల్ సావరిన్ తరగతిలో గొట్టాలు ఏడుంటే వాటిలో ఎక్కువ నీటి పైనే ఉన్నాయి. త్వరత్వరగా పేల్చే చిన్న ఫిరంగులు వచ్చాక ఈ తేలిక పోయింది. గన్‌కాటన్ అనే పేలుడు పదార్థం నింపిన టార్పెడో తల, ఎక్కువ ఒత్తిడితో గాలి నింపిన దాని డొల్ల, రెండూ కవచం లేని డెక్ మీద శత్రువు గుండ్లకు ఎదురుగా ఉంటాయి. ఒక్క గుండు సరిగ్గా పడిందంటే సొంత టార్పెడో సొంత నౌకలోనే పేలుతుంది.

ఇది ఊహగానే ఉండిపోలేదు. 1898 జులై 3న క్యూబాలోని శాంటియాగో రేవు బయట అమెరికా నౌకలు స్పెయిన్ క్రూజర్ల (యుద్ధనౌకలకన్నా తేలికైన పోరు నౌకల) దండును తరిమి కొట్టాయి. ఆ పోరులో విజ్కాయా అనే స్పెయిన్ క్రూజర్ ముందు భాగంలో పెద్ద పేలుడు జరిగింది. ముందు గొట్టంలో సిద్ధంగా ఉంచిన టార్పెడో గుండు తగిలి పేలిందనే మాట అప్పటినుంచీ ఉంది. అప్పటికే మొదలైన మార్పుకు ఇలాంటివి ఊతమిచ్చాయి. బ్రిటిష్ మెజెస్టిక్ తరగతిలో ఐదు గొట్టాలుంటే నాలుగు నీటి కిందికి దిగాయి. బ్రిటన్‌లో కట్టించుకున్న జపాన్ నౌక మికాసాలో నాలుగూ నీటి కిందే. రష్యా బొరొడినో తరగతిలో మాత్రం పక్క గొట్టాలు రెండూ నీటి కింద ఉన్నా ముందు కొసన ఒకటి, వెనక కొసన ఒకటి నీటి పైనే ఉండిపోయాయి.

నీటి కిందికి దించితే గుండు దెబ్బ తప్పుతుంది. ఆ లెక్క సరైనదే. కానీ దాని వెంట కొత్త చిక్కులు వరసకట్టాయి.

పక్కకు వదలడంలో ఉన్న తిప్పలు

నౌక 15 నాట్ల వేగంతో పోతోందంటే పక్కనున్న నీరు సెకనుకు ఏడున్నర మీటర్ల చొప్పున వెనక్కి జారుతున్నట్టు లెక్క. 18 అంగుళాల టార్పెడో పొడవు సుమారు ఐదు మీటర్లు. దాన్ని నౌక పక్కనుంచి అడ్డంగా బయటికి తోస్తే ముందు మూతి నీటిలోకి వస్తుంది, తోక ఇంకా గొట్టంలోనే ఉంటుంది. వడిగా పారే కాలవలోకి గట్టుమీదనుంచి పొడుగాటి వెదురు గడను అడ్డంగా దించితే కొస ఎలా పక్కకు లాక్కుపోతుందో, ఇక్కడా అంతే. టార్పెడో వంగుతుంది, లేదా గొట్టం నోట్లో బిగుసుకుంటుంది, లేదా బయటపడినా దారితప్పి పోతుంది.

దీనికి బ్రిటిష్ వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే ఆనాటి ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది. టార్పెడో కన్నా ముందు ఒక బలమైన ఉక్కు కడ్డీని నౌక పక్కనుంచి బయటికి చాపుతారు. దానికి పొడవునా గాడి ఉంటుంది. టార్పెడో మీదుండే గుబ్బ ఆ గాడిలో జారుతూ వస్తుంది. నీటి ఒత్తిడినంతా కడ్డీ మోస్తుంది కాబట్టి టార్పెడో తిన్నగా బయటికి వచ్చి, తోక కూడా గొట్టం దాటాకనే విడిపోతుంది.

ఒక్క టార్పెడో వదలడానికి జరిగే పని ఇది. గొట్టం లోపలి తలుపు తీసి, కప్పుకు వేలాడే పట్టాల మీదనుంచి టార్పెడోను దించి లోపలికి తోయాలి. తలుపు బిగించాలి. సముద్రం వైపున్న జారుడు తలుపు ఎత్తితే గొట్టం నీటితో నిండుతుంది. కడ్డీని బయటికి చాపాలి. పైన గురి చూసే చోటునుంచి సైగ రాగానే గాలి ఒత్తిడితో టార్పెడోను తోస్తారు. అది బయటికి జారుతున్నప్పుడే దాని ఇంజన్ మొదలవుతుంది, లోపలి గైరోస్కోప్ దాని దారిని నిలబెడుతుంది. తర్వాత కడ్డీని వెనక్కి లాగి, జారుడు తలుపు దించి, గొట్టంలోని నీటిని తోడేసి, మళ్లీ మొదటికి రావాలి. ఇదంతా వెలుతురు తక్కువగా ఉండే గదిలో, నౌక అటూ ఇటూ ఊగుతుండగా, బయట ఏం జరుగుతోందో కనపడకుండా చేయాల్సిన పని. ఆ గదిలో పనిచేసిన నావికుల పేర్లు చరిత్రలో పెద్దగా వినపడవు. వాళ్ల నేర్పు మాత్రం ఫిరంగి దగ్గరున్న వాళ్లకేమీ తీసిపోదు.

ఇప్పుడు గది కొలతలు చూడాలి. ఐదు మీటర్ల టార్పెడోకు ఐదు మీటర్లకు పైబడిన గొట్టం కావాలి. దాన్ని నింపడానికి గొట్టం వెనక మళ్లీ అంత ఖాళీ కావాలి. అంటే ఒక్కో వైపుకు పది మీటర్లకు తక్కువ కాకుండా చోటు పడుతుంది. డ్రెడ్‌నాట్ వెడల్పు అంతా కలిపి 25 మీటర్లు, అదీ నడిమి భాగంలో. కొసలకు పోయేకొద్దీ నౌక సన్నబడుతుంది. కాబట్టి రెండు వైపులా గొట్టాలుంటే టార్పెడో గది నౌక ఈ పక్కనుంచి ఆ పక్క దాకా పరుచుకోక తప్పదు. మధ్యలో పొడవాటి అడ్డుగోడలు కడితే టార్పెడో తిప్పడానికి వీలుండదు. 21 అంగుళాల టార్పెడోలు వచ్చేసరికి పొడవు దాదాపు ఏడు మీటర్లకు పెరిగింది, గదికి ఇంకా చోటు కావాల్సొచ్చింది.

యుద్ధనౌకను నిలబెట్టేది ఆ అడ్డుగోడలే. నీటి మట్టం కింద నౌకను చిన్న చిన్న గదులుగా విడగొడితే ఒక చోట బొక్క పడ్డా నీరు అక్కడితో ఆగుతుంది. టార్పెడో గది ఆ సూత్రానికి పూర్తిగా ఎదురు నడిచింది. నీటి మట్టం కింద, నౌక అడ్డకొలత అంతా ఆక్రమించిన పెద్ద ఖాళీ గది అది.

కొసలకే ఎందుకు పోయింది

ఆ గదిని నౌక నడిమికి తెచ్చి గట్టి కవచం వెనక పెడితే బాగుండేది కదా అనిపిస్తుంది. కానీ నడుమంతా బాయిలర్లు, ఇంజన్లు. వాటికి పక్కల బొగ్గు గదులు. కొలిమి దగ్గరికి బొగ్గు చేరడానికే కాదు, పక్కనుంచి వచ్చే దెబ్బను ఆపడానికీ ఆ బొగ్గు అక్కడే ఉండాలి. ఫిరంగి టరెట్ల (ఫిరంగులను మోస్తూ తిరిగే కవచపు గదుల) కింద మందుగుండు గదులు ఉంటాయి, వాటిని కదిలించడానికి లేదు. ఇవన్నీ సర్దుకున్నాక రెండే చోట్లు మిగులుతాయి. ఒకటి ముందు టరెట్ మందుగుండు గదికి ముందు, రెండోది వెనక టరెట్ మందుగుండు గదికి వెనక.

అక్కడ నౌక సన్నబడుతుంది, పక్క కవచం పలచబడుతుంది. నీటి కింద పేలుడును ఆపడానికి జర్మన్లు నౌక పొడవునా లోపల కట్టిన టార్పెడో అడ్డుగోడ కూడా ముఖ్యమైన భాగాల వరకే ఉండేది. ముందు కొసన ఉన్న టార్పెడో గది దాని రక్షణకు బయట పడింది. పైగా ముందు కొస నీటితో నిండితే నౌక ముక్కు దిగుతుంది, వేగం తగ్గుతుంది, వేగం తగ్గకుండా నడిపితే లోపలి గోడల మీద నీటి ఒత్తిడి పెరుగుతుంది.

ఏ దేశం ఎన్ని గొట్టాలు పెట్టిందన్న దాంట్లో తేడాలున్నాయి గానీ ఈ ప్రాథమిక చిక్కునుంచి ఎవరూ తప్పించుకోలేదు. జర్మన్లు ముక్కు కొసన ఒక గొట్టం ఉంచుకున్నారు. బ్రిటిష్ వాళ్లు ముక్కు గొట్టం జోలికి పోకుండా కొన్నాళ్లు వెనక గొట్టం పెట్టి, ఐరన్ డ్యూక్ తరగతి నాటికి దాన్నీ వదిలి నాలుగూ పక్కలకే సర్దారు. జపాన్ కోసం బ్రిటిష్ కంపెనీ విక్కర్స్ కట్టి 1913లో అప్పగించిన కొంగో బ్యాటిల్‌క్రూజర్‌లో (యుద్ధనౌకంత పెద్ద ఫిరంగులతో ఎక్కువ వేగంగా పోయే నౌకలో) అయితే నీటి కింద ఏకంగా ఎనిమిది గొట్టాలు.

గొట్టం కదలదు, నౌకే తిరగాలి

ఫిరంగి టరెట్ ఏ వైపుకైనా తిరుగుతుంది. నీటి కింది గొట్టం గోడకు బిగించి ఉంటుంది. గురి కుదరాలంటే నౌకనే తిప్పాలి, లేదా శత్రువు ఆ గీత మీదికి వచ్చేదాకా ఆగాలి. ఇది పనికిరాని ఏర్పాటు అని కొట్టిపారేయడానికి లేదు. సరైన చోట, సరైన దూరంలో అది ఎంత భయంకరంగా పనిచేస్తుందో చూపించింది యుద్ధనౌక కాదు, చిన్న జర్మన్ క్రూజర్ ఎండెన్.

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన నౌక అదే. తెలుగు జిల్లాలు చాలావరకు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీని యుద్ధం నేరుగా తాకింది ఆ రాత్రే. ఎండెన్‌కు నీటి కింద పక్కకో గొట్టం చొప్పున రెండే ఉండేవి. అక్టోబరు 28 తెల్లవారుజామున కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దాన్ని పెనాంగ్ రేవులోకి నడిపించాడు. బ్రిటిష్ క్రూజర్ అనుకోవాలని ఉత్తుత్తి నాలుగో పొగగొట్టం కూడా నిలబెట్టారు. లంగరేసి ఉన్న రష్యన్ క్రూజర్ జెమ్‌చుగ్‌ను కొన్ని వందల మీటర్ల దూరంనుంచి ఒక వైపు గొట్టంతో కొట్టారు. ఆ వెంటనే నౌకను రేవులోనే వెనక్కి తిప్పి, రెండో వైపు గొట్టాన్ని గురికి తెచ్చి మళ్లీ కొట్టారు. జెమ్‌చుగ్ పేలి మునిగిపోయింది.

దగ్గరి దూరం, నిద్రలో ఉన్న శత్రువు, కదలని నౌక. గొట్టానికి కావాల్సినవన్నీ ఆ పొద్దున కలిసొచ్చాయి. పన్నెండు రోజులకు, నవంబరు 9న, కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ ఎదురైంది. ముల్లర్ టార్పెడో దూరంలోకి చేరాలని చూశాడు. సిడ్నీ వేగమూ ఎక్కువే, దాని ఫిరంగుల దూరమూ ఎక్కువే, అందుకే దగ్గరికి రానివ్వలేదు. అంతలో నీటి కింద తగిలిన దెబ్బకు ఎండెన్ టార్పెడో గదిని వదిలేసి రావాల్సి వచ్చింది. రెండు వారాల తేడాలో ఒకే గొట్టాల బలం, బలహీనత రెండూ బయటపడ్డాయి.

వరస మీదికి వదిలే లెక్క

మరి ఎదురెదురు పోరులో యుద్ధనౌకలు దగ్గరికే రావని తెలిసీ గొట్టాలెందుకు ఉంచారు? ఈ ప్రశ్నకు అప్పటి నౌకాదళాల జవాబు తెలివితక్కువది కాదు, దాన్ని న్యాయంగా చూడాలి.

1900 ప్రాంతంలో ఫిరంగి అభ్యాసాలు రెండు వేల గజాల లోపే జరిగేవి. టార్పెడో దూరం వెయ్యి గజాలకు అటూ ఇటూ. రెంటికీ పెద్ద తేడా లేదు. 1905లో సుషిమా దగ్గర జపాన్, రష్యా యుద్ధనౌకలు ఆరు కిలోమీటర్లకు పైగా దూరంలో కాల్పులు మొదలుపెట్టేసరికి ఆనాటి టార్పెడో వెనకబడింది. ఆ పోరులో రష్యా దండు నాయక నౌక క్న్యాజ్ సువొరొవ్‌ను చివరికి ముంచింది టార్పెడోలే, కానీ అవి యుద్ధనౌకలు వదిలినవి కావు, చిన్న టార్పెడో పడవలు వదిలినవి. తర్వాత కొద్ది ఏళ్లలోనే టార్పెడో గాలిని ఇంధనంతో వేడిచేసే పద్ధతి వచ్చింది. 1914 నాటికి 21 అంగుళాల టార్పెడో 30 నాట్లకు కాస్త తక్కువ వేగంతో పది వేల గజాలు పోగలిగింది. గొట్టాలకు మళ్లీ విలువ వచ్చినట్టే కనిపించింది.

పది వేల గజాలంటే తొమ్మిది కిలోమీటర్ల పైమాట. ఆ దూరం పోవడానికి టార్పెడోకు పది నిమిషాలు పడుతుంది. అంతసేపట్లో 18 నాట్లతో పోయే నౌక ఐదున్నర కిలోమీటర్లు జరుగుతుంది. ఒక్క నౌకకు గురిపెట్టి లాభం లేదు. కానీ యుద్ధనౌకలు అప్పుడు ఒక దాని వెనక ఒకటి వరసగా నడిచేవి. బ్రిటిష్ వరసలో ఒక నౌకకూ తర్వాతి నౌకకూ మామూలుగా పాటించే ఎడం 500 గజాలు, అంటే 457 మీటర్లు. ఐరన్ డ్యూక్ పొడవు సుమారు 190 మీటర్లు. వరసను అడ్డంగా కోసే టార్పెడోకు ఏదో ఒక నౌక అడ్డురావడానికి నూటికి నలభై పాళ్లు అవకాశం ఉంది. ఏటవాలుగా పోతే తగ్గుతుంది, నిజమే. అయినా గురి అక్కర్లేకుండా వరస మీదికి వదిలితే చాలన్న ఆలోచనకు ఈ లెక్కే పునాది.

ఈ లెక్క రెండు వైపులా తెలుసు. బ్రిటిష్ గ్రాండ్ ఫ్లీట్ అధిపతి జెల్లికో 1914 అక్టోబరు 30న అడ్మిరాల్టీకి (బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే కార్యాలయానికి) రాసిన ఉత్తరంలో, శత్రువు వెనక్కి తిరిగితే అది తనను మైన్ల (నీటిలో పెట్టిన మందుపాతరల) మీదికో జలాంతర్గాముల ముందుకో లాగడానికే అనుకుంటానని, తరమబోనని ముందే చెప్పాడు. 1916 మే 31న ఉత్తర సముద్రంలో జరిగిన జట్లాండ్ పోరులో జర్మన్ టార్పెడో పడవలు దూసుకొచ్చినప్పుడు తన వరసను పక్కకు తిప్పేశాడు. టార్పెడో తగలకుండానే యుద్ధం నడకను మార్చిందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కాకపోతే ఆ భయం పుట్టించింది డెస్ట్రాయర్లు, పడవలు. ఆ సాయంత్రం సముద్రం మీదున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో, బ్యాటిల్‌క్రూజర్లలో నీటి కింది గొట్టాలు వందకు అటూ ఇటూ ఉన్నాయి. వాటినుంచి వదిలిన టార్పెడోలు చాలా కొద్ది. జర్మన్ పెద్ద నౌకలవీ అంతే. ఏ పక్షంలోనూ పెద్ద నౌక వదిలిన టార్పెడో పెద్ద నౌకకు తగల్లేదు.

గొట్టం మోసిన నౌకలే కట్టిన ధర

కొట్టడంలో లాభం లేకపోయినా నష్టం లేకుండా ఉంటే సరేననుకోవచ్చు. మూడేళ్లలో మూడు జర్మన్ నౌకలకు ఏమైందో చూస్తే ఆ మాట అనలేం.

1915 ఆగస్టు 19న రిగా సింధుశాఖ దగ్గర బ్రిటిష్ జలాంతర్గామి ఇ-1 వదిలిన టార్పెడో మోల్ట్‌కె బ్యాటిల్‌క్రూజర్ ముందు కొసన తగిలింది, సరిగ్గా టార్పెడో గది దగ్గరే. ఎనిమిది మంది చనిపోయారు. 435 టన్నుల నీరు లోపలికి వచ్చింది. గదిలో ఉన్న టార్పెడోలు దెబ్బతిన్నాయి గానీ పేలలేదు. పేలి ఉంటే ఆ నౌక ముక్కు ఉండేది కాదు.

ల్యూట్సోకు అంత అదృష్టం లేకపోయింది. జట్లాండ్‌లో జర్మన్ బ్యాటిల్‌క్రూజర్ల అధిపతి హిప్పర్ ఎక్కి ఉన్న కొత్త నౌక అది. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో బ్రిటిష్ ఇన్విన్సిబుల్ పేల్చిన పన్నెండు అంగుళాల గుండ్లు రెండు దాని ముందు భాగంలో నీటి మట్టం కింద, పక్క గొట్టాలున్న టార్పెడో గదిలోనో దాన్ని ఆనుకునో పేలాయి. ఆ గదిని కాపాడే టార్పెడో అడ్డుగోడ అక్కడ లేదు. ముందు టరెట్‌కు ముందున్న భాగం కింది అంతస్తులన్నీ నీటితో నిండాయి. ఆ గుండ్లు వేసిన ఇన్విన్సిబుల్ కొద్ది నిమిషాల్లోనే పేలిపోయింది, వెయ్యి మందికి పైగా ఆ నౌకతో పోయారు. కానీ ల్యూట్సో పని అప్పటికే అయిపోయింది. హిప్పర్ నౌక మారాల్సి వచ్చింది. రాత్రంతా ల్యూట్సో ముక్కు దించుకుంటూ ఇంటిదారి పట్టింది. వేగం పెంచితే ముందు గోడలు ఆగవు, తగ్గిస్తే తెల్లారేలోగా శత్రువుకు దూరం కాలేదు. ఎనిమిది వేల టన్నులకు పైగా నీరు చేరి, వెనక ప్రొపెల్లర్లు నీటి పైకి తేలాక ఇక లాభం లేదనుకున్నారు. నావికుల్ని దించి, జర్మన్ టార్పెడో పడవ జి-38 చేతే టార్పెడోతో ముంచేశారు. ఆ ఓటమికి గొట్టాల గది ఒక్కటే కారణం అనలేం, ల్యూట్సోకు ఆ రోజు తగిలిన గుండ్లు ఇరవైకి పైమాటే. అయినా దాన్ని ఇంటికి చేరనివ్వనిది ముందు భాగంలో చేరిన నీరు, ఆ నీటికి దారిచ్చినవాటిలో మొదట చెప్పాల్సింది ఆ గది.

మూడోది బాయర్న్. పదిహేను అంగుళాల ఫిరంగులతో జర్మనీ కట్టిన మొదటి యుద్ధనౌక. ముక్కున ఒకటి, పక్కకు రెండు చొప్పున నాలుగు, మొత్తం ఐదు 60 సెంటీమీటర్ల గొట్టాలు పెట్టారు. 1917 అక్టోబరు 12న బాల్టిక్‌లో ఓసెల్ దీవి మీద దాడికి వెళ్లి మైన్‌కు తగిలింది. దెబ్బ ముందు టార్పెడో గది దగ్గరే పడింది. ఏడుగురు చనిపోయారు. మైన్ తగిలితే మామూలుగా తట్టుకోవాల్సినంత గట్టి నౌక అది. అయినా నీటిని ఆపలేక, దారిలో ఆగి తాత్కాలిక మరమ్మతులు చేసుకుంటూ, కీల్ చేరడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. అదే రోజు మరో యుద్ధనౌక గ్రోసర్ కుర్‌ఫ్యూర్స్ట్ కూడా మైన్‌కు తగిలింది, అది మాత్రం తన పని చేసుకుని వెనక్కి వచ్చింది.

కీల్‌లో బాయర్న్‌కు చేసిన మరమ్మతు ఈ విషయంలో అన్నిటికన్నా తేటైన తీర్పు. ముందు టార్పెడో గదిలోని సామానంతా పీకేశారు. గొట్టాల నోళ్లు మూసేశారు. ఆ గదిని నీరు చొరబడని మరో అరగా మార్చారు. కట్టి రెండేళ్లయినా కాని నౌకలో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, గొట్టాలకన్నా గోడలే మేలని ఆ నౌకాదళమే తేల్చుకుంది.

యుద్ధం తర్వాత

1920ల్లో అమెరికా తన పాత యుద్ధనౌకలనుంచి గొట్టాలు తీసేసింది. జపాన్ కొంగో తరగతినుంచి 1930ల మరమ్మతుల్లో తీసేసింది. బ్రిటిష్ వాళ్లు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. 1927లో వచ్చిన నెల్సన్, రాడ్నీలకు 24.5 అంగుళాల గొట్టాలు రెండేసి పెట్టారు. ఈసారి అవి నౌకకు అడ్డంగా లేవు. ముందు టరెట్‌కు బాగా ముందు, కొద్దిగా పక్కలకు వాలుస్తూ ముందుకు చూసేలా పెట్టారు. పక్క కడ్డీ తిప్పలు తప్పాయి. కానీ గది మళ్లీ ముక్కులోనే.

1941 ఈ ఏర్పాటుకు రెండు వైపులా పరీక్ష పెట్టింది. మే 27న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చివరి పోరులో రాడ్నీ దగ్గరికి వెళ్లి పన్నెండు టార్పెడోలు వదిలింది. మధ్యలో పక్కనే పడ్డ గుండ్ల దెబ్బకు కుడి గొట్టం తలుపు బిగుసుకుపోయింది. ఒకటి తగిలిందని రాడ్నీ వాళ్లు చెప్పారు. అదే నిజమైతే ఒక యుద్ధనౌక మరో యుద్ధనౌకను టార్పెడోతో కొట్టడం చరిత్రలో ఆ ఒక్కసారే. అప్పటికి బిస్మార్క్ చుక్కాని పాడై, ఫిరంగులు ఆగిపోయి ఉన్నాయి. సెప్టెంబరు 27న మధ్యధరాలో ఇటలీ విమానం వదిలిన టార్పెడో నెల్సన్ ముక్కున తగిలింది. టార్పెడో గదితో సహా ముందు భాగంలోకి 3,700 టన్నుల పైన నీరు చేరింది, వేగం బాగా తగ్గించుకోవాల్సొచ్చింది.

అదే ఏడాది మే 24న మునిగిన బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్ హుడ్‌కు నీటి పైన కూడా గొట్టాలుండేవి, వెనక తెరకొయ్య దగ్గర. ఆ నౌక ఎందుకు పేలిందని విచారించినప్పుడు ఆ టార్పెడోల మాట గట్టిగానే వచ్చింది. పేలుడు తెరకొయ్య దగ్గర కనిపించిందని చూసినవాళ్లు చెప్పడమే దానికి కారణం. విచారణ చివరికి మందుగుండు గది పేలిందనే తేల్చింది. కానీ నీటి పైనున్న గొట్టం సొంత నౌకకు ముప్పు కాదా అన్న 1890ల ప్రశ్న యాభై ఏళ్ల తర్వాత కూడా అలాగే నిలిచి ఉందని ఆ విచారణ చూపించింది.

అమెరికా నార్త్ కరోలినా, జపాన్ యమాటో, బ్రిటిష్ కొత్త కింగ్ జార్జ్ 5 తరగతులకు గొట్టాలు లేవు. జర్మన్ టిర్పిట్జ్‌కు మాత్రం కట్టడం అయ్యాక డెక్ మీద నాలుగేసి గొట్టాల జతలు రెండు బిగించారు. అవి యుద్ధనౌకల మీదికి కాదు, సరుకు నౌకలను ఆపినప్పుడు ఫిరంగి గుండ్లు ఖర్చు కాకుండా ముంచడానికి. ఆ పనికి నీటి కింద గది అక్కర్లేదు, అడ్డుగోడలు తీయనక్కర్లేదు, నౌకను తిప్పనక్కర్లేదు. డెక్ మీద తిరిగే గొట్టం చాలు.